ఎరువు పుస్తకాలు

ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో మనిషికి రెండు సంగతులు గట్టిగా తెలిసి ఉంటాయి. పెద్దవాళ్ళకి ఏమీ తెలియదన్నది ఒకటి, వాళ్ళకి తెలియజెప్పడానికే తను పుట్టానన్నది రెండోది. ఆ రోజుల్లో నాకు ఈ రెండూ క్షుణ్ణంగా తెలుసు. అరవైల చివర్లో విజయనగరంలో ట్రైనింగు పూర్తిచేసుకుని, రాజాం దాకా బస్సులోనూ అక్కణ్ణించి ఆరు మైళ్ళు కాలినడకనా వెళ్ళి, ఒక పల్లెటూరి బడిలో రెండో మేష్టారుగా చేరాను. ఊరి పేరు చెప్పను. (తరవాత మా మేనమామ కూతుర్ని ఆ పక్క ఊరికే ఇచ్చారు. ఇప్పుడు పేరు బయటపెడితే పెళ్ళిళ్ళలో ఆ ఊరివాళ్ళ పంక్తిలో కూర్చుని భోజనం చెయ్యడం కష్టం.) బడికి రెండు గదులూ ఒక వరండా. ఒక గది మీద పెంకులున్నాయి, రెండో గది మీద ఒకప్పుడు ఉండేవట. ఐదు తరగతుల పిల్లలకి ఇద్దరు మేష్టర్లం. ఆయన పెద్ద మేష్టారు, నేను 'సిన్న మేస్టారు'. ఊళ్ళో నా అసలు పేరు తెలిసినవాడు పోస్టుమేన్ ఒక్కడే అనుకుంటాను.

పెద్ద మేష్టారి గదిలో రెండు ఇటుకల మీద ఒక రేకు పెట్టె ఉండేది. దాని మీద తెల్లరంగుతో 'పంచాయతీ సమితి - పాఠశాల గ్రంథాలయము' అని రాసి ఉండేది. నేను చేరిన మొదటి నెలలో ఆ పెట్టె తెరిచి ఉండగా ఎన్నడూ చూడలేదు. దాని మీద ఆయన గొడుగు, భోజనం క్యారేజీ, హాజరు పట్టీలు ఉండేవి. తాళంచెవి ఆయన మొలతాడుకి ఉండేది. తాళం తియ్యాలంటే పిల్లల్ని బయటికి పంపి, గోడవైపు తిరిగి, పంచె సవరించుకోవాలి. ఇంత తతంగం ఉంది కాబట్టి ఏడాదికి ఒక్కసారే, వానలకి ముందు, పుస్తకాలు ఎండలో పరిచి, అడుగున కొత్త వేపాకు వేసి, మళ్ళీ తాళం వేసేవారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. పూర్వం వేరే బడిలో ఉండగా ఒక పుస్తకం పోయిందట. అది ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు, ఇచ్చేముందు ఎవరి అనుమతి తీసుకున్నారు అంటూ సమితి ఆఫీసు నుంచి మూడేళ్ళపాటు ఉత్తరాలు వచ్చాయట. "చూడు బాబూ, ఎవరూ చదవలేదేమని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. పోయిందేమని మూడేళ్ళు అడిగారు" అనేవారు. చెప్పేటప్పుడు ఆయన చెయ్యి దానంతటదే మొలతాడు మీదికి పోయేది.

అలాంటిది, ఆ ఏడు బడులు తెరిచిన కొత్తలో, ఆ అడగడం కూడా జరిగింది. సమితి తరఫున బడుల్ని తనిఖీ చేసే ఆఫీసరు ఒకాయన సైకిలు మీద వచ్చి, మంచినీళ్ళు తాగి, పుస్తకాలు ఎవరెవరు తీసుకున్నారో రాసే రిజిస్టరు పట్టుకురమ్మన్నారు. అందులో పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ, సంతకం అని గళ్ళు గీసి ఉన్నాయి. గళ్ళలో మాత్రం ఏమీ లేదు, మూడో పేజీలో చచ్చిన దోమ తప్ప. ఆయన ఆ దోమని చాలాసేపు చూశారు. చూసి, "మూడు నెలలు టైమిస్తున్నాను. చదివేవాళ్ళుంటే పెట్టె ఇక్కడ ఉంటుంది. లేకపోతే రాజాం దగ్గర పెద్ద బడివాళ్ళు అడుగుతున్నారు, బండి పంపించి పట్టించుకుపోతాను" అన్నారు.

పెద్ద మేష్టారికి అది శిక్షలా అనిపించలేదు. "పోతే పోనీ బాబూ. గొడుగు పెట్టుకోడానికి చోటుండదు, అంతే కదా" అన్నారు. నాకు మాత్రం పోనివ్వబుద్ధి కాలేదు. ఆ ఊళ్ళో అచ్చక్షరాలున్న వస్తువులు ఇంకేమున్నాయని? ఒకటో రెండో పంచాంగాలు, అగ్గిపెట్టెలు, పురుగుమందు డబ్బాలు. ఉన్న ఒక్క పెట్టె కూడా పోతే ఈ పిల్లలు పెద్దవాళ్ళయి చదవడానికి మిగిలేది అగ్గిపెట్టెలే అనిపించింది. ఈ మాటే కాస్త గట్టిగా, ఉపన్యాసంలాగా, పెద్ద మేష్టారికి చెప్పాను. ఆయన శాంతంగా విని, పుస్తకాలన్నిటికీ నాదే బాధ్యత అని ఒక కాయితం మీద రాయించుకుని, తిథి వార నక్షత్రాలు చూసి, మొలతాడు మీది తాళంచెవి విప్పి ఇచ్చారు. ఒక్క షరతు పెట్టారు: పుస్తకం పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఇంటి పెద్ద వచ్చి, రిజిస్టరులో సంతకమో వేలిముద్రో పెట్టి తీసుకెళ్ళాలి.

ఇంటి పెద్దలు రావాలంటే వాళ్ళకి తెలియాలి. తెలియాలంటే బోర్డు కట్టాలి. ఇక్కడే నా చదువంతా నా మీద పడింది. ట్రైనింగులో మాకు తెలుగు చెప్పినాయన ఇంగ్లీషు మాట కనిపిస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టేవారు. కాబట్టి 'పుస్తకాలు ఇష్యూ చేయబడును' అని రాయడానికి చెయ్యి రాలేదు. 'అప్పు ఇవ్వబడును' అంటే బడిగోడ మీద అశుభంగా ఉంటుంది. 'చేబదులు' అంటే గుప్పెడు ఉప్పు గుర్తొస్తుంది. అలా ఒక పూటంతా ఆలోచించి, చివరికి మంచి తెలుగుమాట పట్టుకున్నాను: ఎరువు. (ఈ కాలం పిల్లలకి చెప్పాలేమో. తిరిగి ఇచ్చేస్తామని తెచ్చుకున్న వస్తువుని ఎరువు అంటారు. ఎరువు నగలు పెట్టుకుని పెళ్ళికి వెళ్ళడం మా అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే.) ఒక తలుపుచెక్క సంపాదించి, నీలంరంగుతో, పైన 'పంచాయతీ సమితి' అనీ దాని కింద 'పుస్తకములు ఎరువు ఇవ్వబడును' అనీ రాశాను. రంగు మొదలెట్టిన ఉత్సాహంలో అక్షరాలు కాస్త లావయ్యాయి. 'పుస్తకములు' అన్న మాటతోనే చెక్క అంచు వచ్చేసింది. 'ఎరువు ఇవ్వబడును' అన్నది కింది వరసలోకి దిగింది. అయినా దూరం నుంచి చూస్తే చాలా అందంగా ఉంది.

బోర్డు కట్టింది శనివారం సాయంత్రం. సోమవారం పొద్దున్న నేను బడికి వచ్చేసరికి వరండా నిండా జనం. తలపాగాలు, చుట్టలు, చేతికర్రలు. వాళ్ళందరికీ ముందు మీసాల మావ. ఆయన్ని వరసతో సంబంధం లేకుండా ఊరంతా మావ అనేది, మీసాలు చూసి మిగతాది కలిపేది. "సమితోళ్ళ బుక్కులు ఇస్తారని బోర్డు కట్టినారట గదా బాబూ?" అన్నాడు. ఇస్తామన్నాను. "ఎంత పొలం ఉన్నోడికైనా ఇస్తారా?" అని వెనకనుంచి ఒకడు అడిగాడు. "పొలంతో పనేమిటి? ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ అందరికీ సమానంగా ఇస్తాం" అన్నాను. జనంలో ఒక సంతోషం పుట్టి వరండా ఆ చివర దాకా వెళ్ళడం నా కళ్ళతో చూశాను. సమసమాజం వచ్చినప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

పెట్టె తెరిచి, స్టాంపు ప్యాడ్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పని చకచకా సాగాలని ఒక్కొక్కరి బొటనవేలు పట్టుకోవడం, ప్యాడ్ మీద అద్దడం, రిజిస్టరులో నొక్కడం, చేతికొచ్చిన పుస్తకం ఇచ్చి పంపడం. విచిత్రమేమిటంటే అందరూ లావు పుస్తకమే కావాలన్నారు. సన్నవి ఇస్తే మొహాలు మాడ్చుకున్నారు. పెట్టెలోకల్లా లావుది, గోధుమరంగు అట్టది, ఒక పెద్ద కథ, మీసాల మావకి వెళ్ళింది. దాంతో గొడవ మొదలైంది. "మావకి ఉన్నది రెండెకరాలు. అంత లావు బుక్కు ఎందుకిచ్చినారు? నాకు ఐదెకరాలుంటే ఈ సీమసింతకాయంతది ఇస్తారా?" అని పొట్టి బావ అనే ఆయన నామీదికి వచ్చాడు. పొలానికీ పుస్తకానికీ ఉన్న సంబంధం నాకు అర్థం కాలేదుగానీ, జ్ఞానతృష్ణ ఉన్నచోట మనుషులు కొంచెం ఆవేశంగా ఉంటారని సర్దిచెప్పుకున్నాను. మధ్యాహ్నానికి పెట్టె ఖాళీ. అడుగున వేపాకు మాత్రం మిగిలింది. వెళ్ళేముందు మీసాల మావ, "ఈ బుక్కు అట్టుకొస్తే మిగతాది ఇస్తారా బాబూ?" అని ఖాయం చేసుకున్నాడు. "తప్పకుండా. ఇది తెస్తే ఇంకోటి" అన్నాను. ఆ పూటే మా నాన్నగారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఇక్కడి రైతులు పేజీలు ఎక్కువున్న పుస్తకాల కోసం కొట్టుకుంటున్నారనీ, దేశం మారుతోందనీ అందులో రాశాను. (ఆ ఉత్తరం మా నాన్నగారు దాచారు. ఆయన పోయాక నా చేతికే వచ్చింది. చింపెయ్యడానికి మనసు రాలేదు, ఎవరికీ చూపించే ధైర్యమూ లేదు.)

మర్నాడు వాళ్ళు మళ్ళీ వచ్చారు. చంకలో పుస్తకం, భుజం మీద గోనెసంచి. రెండు బళ్ళు కూడా వచ్చాయి. గోనెసంచులెందుకో తెలియక, ఎందుకైనా మంచిదని నవ్వుతూ నిలబడ్డాను.

"బుక్కు తెచ్చినాం బాబూ. ఎరువు ఇయ్యండి" అన్నాడు మీసాల మావ.

ఆ మాట నా చెవిలో పడి, అర్థం లోపలికి దిగడానికి కొంత సమయం పట్టింది. ఆ ఏడు కొత్తగా తైచుంగు వరి విత్తనాలు వచ్చాయి. వాటికి ఇంటి గెత్తం, అంటే పేడ ఎరువు, చాలదనీ, సమితివాళ్ళు ఇచ్చే బస్తాల ఎరువు వెయ్యాలనీ ఊరూరా చెప్పారు. చెప్పడమైతే చెప్పారుగానీ ఎరువు రాలేదు. ఊడుపులు మొదలవబోతున్నాయి. సమితి ఎప్పుడు ఏది ఇచ్చినా ముందొక చిన్న పుస్తకం ఇచ్చి, అందులో రాసి ఇస్తుంది. ఇదంతా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియదు, నాకు మంచి తెలుగుమాట తెలుసు.

"బోర్డు మీద ముందు పుస్తకాలు అని రాసినారు. కింద ఎరువు ఇవ్వబడును అని రాసినారు. పుస్తకాలు ఇచ్చీసినారు. మరి ఎరువేదీ?" అన్నాడు మావ. ఆయన తర్కంలో తప్పు వెదకబోయాను. దొరకలేదు.

"అది ఆ ఎరువు కాదండీ. ఎరువు అంటే ఎరువని కాదు" అన్నాను.

"ఎరువు కానప్పుడు ఎరువని ఎందుకు రాసినారు బాబూ?"

"ఎరువు అంటే... అప్పు లాంటిది. తీసుకెళ్ళి మళ్ళీ తిరిగి ఇవ్వాలి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావ మొహం విప్పారింది. "అప్పుకే ఇయ్యండి బాబూ. పంట ఒచ్చాక తీర్సెయ్యమా?"

ఆపైన నేనేం మాట్లాడానో సరిగా గుర్తులేదు. వినేవాళ్ళకి మాత్రం ఒకటే అర్థమైంది: ఎరువు వచ్చింది, సిన్న మేస్టారు దాచాడు, రాత్రికి రాత్రి రాజాం వాళ్ళకి అమ్మేస్తాడు. కాబట్టి పుస్తకాలు తిరిగి ఇవ్వకూడదని అక్కడే తీర్మానించారు. బుక్కు చేతిలో ఉంటే ఎప్పటికైనా ఎరువు వస్తుంది, బుక్కు ఇచ్చేస్తే రిజిస్టరులో పేరు పోతుంది. ఖాళీ సంచులు దులుపుకుని వెళ్ళిపోయారు. పెద్ద మేష్టారు లోపలనుంచి వచ్చి, ఖాళీ పెట్టెలోకి తొంగిచూసి, "మూడేళ్ళు సరిపోవు బాబూ నీకు" అని మాత్రం అన్నారు. ఉత్తరాల సంగతి.

బోర్డు ఆ క్షణమే దించేశాను. కానీ వ్యవహారం అక్కడితో ఆగలేదు, పొట్టి బావ వల్ల. ఆయనకి వెళ్ళిన సీమచింతకాయంత పుస్తకం నిజంగానే ఎరువు గురించే. పేడ, ఆకులు, మట్టి పొరలుపొరలుగా గోతిలో వేసి ఎలా మాగబెట్టాలో బొమ్మలతో సహా ఉంది. ఇంట్లో నాలుగో తరగతి చదివే మనవరాలి చేత చదివించుకుని, ఆయన అరుగు మీద నిలబడి, "నా బుక్కులో ఎరువున్నాది" అని చాటాడు. ఇంకేముంది. పొట్టి బావ బుక్కులో ఉంటే మన బుక్కులో ఎందుకుండదు? ఊరంతా వెతుకులాట మొదలైంది. చదువు వచ్చిన ప్రతివాడికీ, ప్రతిదానికీ ఆ వారం పని తగిలింది. పిల్లలు, కొత్త కోడళ్ళు, ఒకప్పుడు బర్మా వెళ్ళొచ్చిన ముసలాయన ఒకడు, వీధి వీధినా కూర్చుని మొదటి కాయితం నుంచి గట్టిగా చదవడం, పెద్దలు ఎరువు అన్న మాట కోసం చెవులు రిక్కించుకుని వినడం. నేను ఆ వీధుల్లోంచి తలదించుకుని నడిచేవాణ్ణి. ఒక ఇంట్లో నదుల పొడవులు, ఒక ఇంట్లో పళ్ళు తోముకునే పద్ధతి, ఒక ఇంట్లో ఎవరో మహారాజు వేట. నా జీవితంలో మళ్ళీ ఏ ఊళ్ళోనూ అంత చదువు వినలేదు. కానీ అప్పుడు నాకది చదువులా వినిపించలేదు, నామీద విచారణలా వినిపించింది.

రెండు వారాలకి సమితి గ్రామసేవక్ వచ్చి, ఎరువు బస్తాలకీ బడి పుస్తకాలకీ ఏ సంబంధమూ లేదని చావిడి దగ్గర చెప్పాడు. నేను వంద సార్లు చెప్పిన మాటే. అతను ఖాకీ నిక్కరు వేసుకుని చెప్పాడు కాబట్టి నమ్మారు. ఒక్కరోజులో పుస్తకాలన్నీ తిరిగొచ్చేశాయి. కొన్నిటికి నూనె మరకలు, కొన్నిటికి పసుపు బొట్లు, ఒకదాని మధ్యలో ఎండుచేప ముల్లు. ఇచ్చినవాళ్ళు నా మొహం చూడకుండా పెట్టి పోయారు. ఇంకో పుస్తకం తీసుకోండంటే, "సాల్లెండి బాబూ" అన్నారు. పెట్టె మళ్ళీ నిండింది. రిజిస్టరులో ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది: మీసాల మావ తీసుకెళ్ళిన లావు పుస్తకం రాలేదు.

మూడుసార్లు ఆయన ఇంటికి తిరిగాను. మొదటిసారి, "ఎతుకుతన్నాం బాబూ" అన్నాడు. రెండోసారి, "అటకమీదున్నాది, నిచ్చెన నేదు" అన్నాడు. మూడోసారి నన్ను చూసి దొడ్డిదారిన పొలం వెళ్ళిపోయాడు. అంత పెద్ద మీసాలున్న మనిషి ఒక పుస్తకం కోసం నాకు మొహం చాటేయడం నాకు చిత్రంగా ఉండేది. పెద్ద మేష్టారు మాత్రం అప్పుడే జవాబు ఉత్తరాలకి తెల్లకాయితాలు కోసి సిద్ధం చేసుకుంటున్నారు.

సెప్టెంబరులో, చెప్పిన రోజుకి చెప్పినట్టు ఆఫీసరు వచ్చారు. ఆయన సైకిలు వెనకే ఒక ఎడ్లబండి. బండిలో గడ్డి పరిచి ఉంది, పెట్టెకి దెబ్బ తగలకుండా. రిజిస్టరు తెరిచి ఆ వేలిముద్రల వరసలు చూసి మొదట ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. తరవాత తేదీలు చూశారు. అన్నీ ఒక రోజే ఇవ్వడం, ఒకటి తప్ప అన్నీ ఇంకో రోజున ఒక్కసారే తిరిగి రావడం, ఆపైన ఒక్క పేరూ లేకపోవడం. "ఇదేమిటి, ఎండబెట్టడానికి ఇచ్చారా?" అన్నారు. నేను నిజం చెప్పాను. ఆయన నవ్వలేదు. "చదివేవాళ్ళు లేరన్నమాట. ఒక పుస్తకం కూడా పోయింది. పెట్టె ఎక్కించండి" అన్నారు. బండివాడూ నేనూ చెరో పక్కా పట్టుకున్నాం. నా జన్మలో అంత బరువు ఎత్తలేదు.

గుమ్మం దాటుతుంటే ఎదురుగా ఒకావిడ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద, చీర ఎగ్గట్టి, తలకి తువ్వాలు. చేతిలో తామరాకు చుట్టిన పొట్లం. మీసాల మావ కోడలు. మా వైపు కోడళ్ళని పుట్టింటి ఊరుపేరుతో పిలుస్తారు కాబట్టి ఆవిడ కొత్తవలసమ్మ. తండ్రి అక్కడ రైలుకట్ట మీద పనిచేసేవాడు, ఈవిడ అయిదో తరగతి దాకా చదివి పెళ్ళయి వచ్చింది. తామరాకు విప్పితే గోధుమరంగు అట్ట.

"ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదమ్మా?" అన్నారు ఆఫీసరు.

"ఎరువు ఎక్కడున్నాదో సూడమన్నాడు బాబూ మా మావ. మొదటికాన్నించి సదివినాను. ఓడ మునిగిపోనాది, తమ్ముడు ఎటో కొట్టుకుపోనాడు, అప్ప ఎతుక్కుంటా బయల్దేరినాది. ఎరువు మాట ఎక్కడా నేదు. నూరో కాయితం దాకా సూసినాను. ఆపైన నాకు ఎరువు గేపకం నేదు."

"మరి అయిపోయాక ఇచ్చెయ్యాలి కదా?"

"అయిపోనాది. ఊడుపులకాడ ఆడోళ్ళకి సెప్పినాను. కలుపులకాడ మల్లీ మొదట్నించి సెప్పమన్నారు. మావ ఇచ్చీమన్నాడు, నానే ఇవ్వనన్నాను. ఈ ఏళ సెప్పడం అయిపోనాది, అట్టుకొచ్చినాను."

ఆఫీసరు రిజిస్టరు వైపు చూశారు. "అయితే చదివింది నువ్వొక్కతివే" అన్నారు, కొంచెం మెత్తబడి.

"సదివినదాన్ని నానొక్కద్దాన్నే. ఇన్నోళ్ళు ఇరవైమంది. గట్టుమీదికెల్లి అడగండి, ఆ అప్ప పేరేటో ఎవులైనా సెప్తారు."

"చదివినవాళ్ళకి గడి ఉందమ్మా. విన్నవాళ్ళకి రిజిస్టరులో గడి లేదు" అన్నారు ఆఫీసరు. ఎగతాళికి కాదు, నిజంగానే ఆయనకి అది చిక్కు. అప్పుడు గదిలోంచి పెద్ద మేష్టారు గొంతు వినిపించింది. "గీసేద్దామండీ. రూళ్ళకర్ర నా దగ్గరుంది." తెల్లకాయితాలు పక్కకి నెట్టి, కళ్ళజోడు సవరించుకుని, ఆయనే స్వయంగా ఆఖరి గడి పక్కన ఎర్రసిరాతో ఇంకో గడి గీశారు. పైన 'విన్నవారు' అని రాశారు. సర్వీసు మొత్తంలో ఆయన పైవాళ్ళ అనుమతి లేకుండా చేసిన పని అదొక్కటే అనుకుంటాను. ఆఫీసరు ఆ గడిని చూసి, మీసం కింద నవ్వుకుని, "ఇంకో మూడు నెలలు చూద్దాం" అన్నారు. బండి గడ్డితోనే వెనక్కి వెళ్ళింది.

నా ఆనందం ఇంతా అంతా కాదు. పెట్టె మళ్ళీ ఇటుకల మీద పెట్టించి, మూత తెరిచి, మహారాజులాగా వెనక నిలబడ్డాను. కొత్తవలసమ్మ వెళ్ళలేదు. "ఇంకో బుక్కు ఇయ్యండి బాబూ. మంచిది" అంది. నేను పైన ఉన్న నీలం అట్ట పుస్తకం తీసి, ఇది చాలా బాగుంటుందని ఇచ్చాను. ఆవిడ మొదటి కాయితం నిలబడే చదివి, "ఇది కోళ్ళకి తెగులొస్తే ఏటి సెయ్యాలో ఉన్నాది బాబూ. మాకు కోళ్ళు నేవు" అని తిరిగి ఇచ్చింది. ఇంకోటి ఇచ్చాను. అది నదుల పొడవులు. "మీరు సదివినదేదో అదే ఇయ్యండి" అంది. నేను పెట్టెలోకి వంగి వెతుకుతున్నట్టు నటించాను. తిరిగొచ్చాక ప్రతి పుస్తకానికీ నంబరు వేసింది నేనే, అట్ట వేసింది నేనే, వేపాకు మార్చింది నేనే. అందులో ఒక్కటీ చదవలేదు. ఆవిడకి అర్థమైపోయింది.

"ఏదీ సదవనేదా బాబూ?" అంది. వెక్కిరింపు లేదు, నాకేదో ఒంట్లో బాగోలేదని తెలిసినట్టు అడిగింది. లేదన్నాను. ఆవిడ తను తెచ్చిన లావు పుస్తకం చీరచెంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "అయితే ముందు మీరిది అట్టుకెళ్ళండి. ఓడ దిగినకాడ గాబరా పడకండి, ఆపైన బాగుంటాది. మీరు సదివీసినాక నాకేటి ఇవ్వాలో మీకే తెలుస్తాది."

చేసేదేమీ లేక రిజిస్టరు ముందుకి లాక్కుని, తీసుకున్నవారి పేరు దగ్గర నా పేరు రాసి, సంతకం పెట్టబోయాను. "ఏలిముద్ర ఎయ్యరా?" అంది. నాకు సంతకం వచ్చు కదమ్మా అన్నాను. "మా మావకీ ఒచ్చు బాబూ. ఆ రోజు మీరు అడగనేదు, ఏలు అట్టుకుని ఏయించీసినారు. ఆ మర్నాడంతా సిరా తోముకున్నాడు" అంది. కోపంగా అనలేదు. ఊళ్ళో వాన పడిందన్నట్టు చెప్పింది. పేజీ తిప్పి చూశాను. వరసగా, బారుగా, నేను నొక్కించిన వేళ్ళు. వాటిలో ఎన్నిటికి సంతకం వచ్చో నాకు తెలియదు. ఆవిడ చూస్తూండగా ప్యాడ్ తెరిచి నా బొటనవేలు అద్ది, నా పేరు పక్కన నొక్కాను. ఆవిడ అది సరిగా పడిందో లేదో వంగి చూసి, తృప్తిపడి, కలుపుకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ సిన్న మేస్టార్ని తలుచుకుంటే కోపం రాదు, నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వేస్తుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం, సిరా వదలని వేలితో పేజీలు తిప్పుకుంటూ, వాడు జీవితంలో మొదటిసారి పరీక్ష కోసం కాకుండా ఒక పుస్తకం చదివాడు. ఓడ దిగినచోట గాబరా పడొద్దని ఆవిడ ముందే చెప్పింది. అయినా పడ్డాడు.